గుర్తు చెయ్యడం ఎవరి కోసం? బందరు బీమా నుంచి జిమ్ము వాట్సాప్ దాకా

జిమ్ముకి ఏడాది ఫీజు ఒకేసారి కట్టి, మూడు వారాలు వెళ్ళి మానేసినవాళ్ళు మన ఐటీ జనాల్లో కోకొల్లలు. మానేసిన నెలకి ఏ కబురూ రాదు. రెండో నెలా రాదు. పదకొండు నెలలు దాటాక మాత్రం ఫోను టంచనుగా మోగుతుంది. "మీ మెంబర్‌షిప్ ఇంకో 7 రోజుల్లో ముగుస్తుంది, ఇప్పుడే రెన్యూ చేసుకుంటే డిస్కౌంటు." మూడు రోజుల ముందు ఇంకోటి, ఆఖరి రోజున మరోటి. గడువు దాటాక "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని ఒక ఏడుపు బొమ్మ. పది నెలలు మొహం చూపించకపోయినా మిస్ అవ్వనివాళ్ళు, ఫీజు ఆగిన మర్నాడే మిస్ అయిపోయారన్నమాట!

ఇలాంటి ఫాలో-అప్ సిస్టమ్ కట్టడం మనవాళ్ళకి ఒక శనివారం పని. ఒక టేబుల్, ఒక క్రాన్ జాబ్, వాట్సాప్ ఏపీఐ, నాలుగు టెంప్లేట్లు. అయిపోయింది. కానీ ఆ జాబ్ ఏ కాలమ్ చూసి మేలుకోవాలి? గడువు తేదీనా, మనిషి చివరిసారి వచ్చిన తేదీనా? ఇది కోడుకి సంబంధించిన ప్రశ్న కాదు. జిమ్ముల కంటే చాలా ముందే బీమా కంపెనీలకి ఎదురైన ప్రశ్న. ఆ కథలో మన బందరుకీ ఓ భాగం ఉంది.

భోగరాజు పట్టాభి సీతారామయ్య అనగానే కాంగ్రెసు చరిత్ర, ఆంధ్రా బాంకు గుర్తొస్తాయి. వైద్యం చదివి బందర్లో ప్రాక్టీసు పెట్టిన ఆయన, 1923 నవంబరులో అక్కడే ఆంధ్రా బాంకు మొదలుపెట్టారు. (2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బాంకులో కలిసిపోయింది.) చాలామందికి గుర్తులేనిది ఆయన బీమా సంగతి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1935లో హిందుస్తాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ. అంటే ఒక జిల్లా కేంద్రంలో పన్నెండేళ్ళలో ఒక బాంకూ, రెండు బీమా కంపెనీలూ.

బాంకుకీ బీమాకీ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. బాంకులో వేసిన డబ్బుని మీరు మర్చిపోయినా అది అక్కడే ఉంటుంది. బీమా అలా కాదు. ఇరవయ్యేళ్ళ పాటు, ప్రతి వాయిదాకీ, మనిషి గుర్తుపెట్టుకుని కడుతూ ఉండాలి. మధ్యలో ఆపితే పాలసీ ల్యాప్స్. జిమ్ము కూడా ఈ జాతిదే. డబ్బు ఒకసారి కట్టినా, ఫలితం మాత్రం పదే పదే వెళ్తేనే.

ఇప్పుడు ఘంటసాల దగ్గర ఒక రైతుని ఊహించుకోండి. బందరు నుంచి దివిసీమకి పోయే దారిలోని ఊరు. అక్కడ డబ్బు చేతికొచ్చేది సార్వా కోతలయ్యి ధాన్యం అమ్ముడయ్యాక. వాయిదా తేదీ ఏ ఆగస్టులోనో పడిందనుకోండి, అప్పటికి ఉన్న డబ్బంతా నాట్ల రూపంలో పొలంలో నిలబడి ఉంటుంది. నోటీసు సరిగ్గా తేదీకే వచ్చినా ఏం లాభం? ఆయనకి కావాల్సింది "కట్టండి" అనే కబురు కాదు, "ఇప్పుడు కట్టలేకపోతే ఏం చెయ్యొచ్చు" అనే కబురు.

ఆ కబురు ఎవరు చెప్తారు? ఏజెంటు చెప్తాడు అనుకుంటాం. కానీ ఏజెంటు కమిషను ఎలా ఉండేదో చూడండి. తరవాతి రోజుల్లో చట్టం పెట్టిన పరిమితే మొదటి ఏడాది ప్రీమియం మీద 35 శాతం దాకా, నాలుగో ఏడాదికొచ్చేసరికి 5 శాతం. అంటే పాత పాలసీని బతికించడానికి నాలుగుసార్లు తిరగడం కంటే కొత్త పాలసీ ఒకటి రాయించుకోవడమే ఏజెంటుకి గిట్టుబాటు. ఇందులో ఏజెంటుని తిట్టడానికేం లేదు. జీతం దేనికిస్తే పని అటే పోతుంది, మన కంపెనీల్లో మాత్రం వేరేగా ఉందా?

పోనీ కంపెనీ చెప్తుందా? కొన్నేళ్ళు కట్టి ఆగిపోయిన పాలసీ కంపెనీకి చాలా సందర్భాల్లో మిగులే. కట్టిన డబ్బు లోపలే ఉంటుంది, ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం తగ్గిపోతుంది. అలాంటప్పుడు తపాలా ఖర్చు పెట్టుకుని "అయ్యా, మీకు ఈ దారులున్నాయి" అని ఉత్తరం రాయడానికి ఏ గుమాస్తాకీ పైనుంచి ఆర్డరు రాదు.

అందుకే ఆ పని చట్టం చెయ్యాల్సి వచ్చింది. 1938 బీమా చట్టంలో 50వ సెక్షన్ చదవండి, మన భాషలో అది అచ్చంగా ఒక ట్రిగ్గరు. ప్రీమియం కట్టాల్సిన రోజు దాటి, కట్టకపోతే, ఆ తేదీ నుంచి మూడు నెలలు నిండేలోపు కంపెనీ పాలసీదారుకి నోటీసు ఇచ్చి తీరాలి. ఆ నోటీసులో ఉండాల్సింది బాకీ మొత్తం కాదు, ఆయనకున్న దారులు. పాలసీ కాయితంలోనే అవి రాసి ఉంటే మినహాయింపు. దీనికి తోడు అప్పటి 113వ సెక్షన్: మూడేళ్ళు కట్టినవాడి పాలసీకి ఎంతో కొంత సరెండర్ విలువ ఉండాలని అందులో ఉండేది. అంటే దారులు చెప్పమనడమే కాదు, చెప్పడానికి దారి అంటూ ఒకటి ఉండేలా కూడా చూశారు.

గమనించారా? వాయిదాకి ముందు పంపే "ప్రీమియం కట్టండి" నోటీసు కంపెనీలు మర్యాదకొద్దీ పంపేది. దాన్ని పంపమని చట్టం బలవంతపెట్టక్కర్లేదు, డబ్బు తెచ్చిపెట్టే కబురు కాబట్టి అదే పోతుంది. తప్పనిసరి చెయ్యాల్సి వచ్చింది రెండోదాన్ని, కస్టమరుకి మాత్రమే పనికొచ్చేదాన్ని.

ఈ తేడా డెల్టాలో కాయితాల గొడవ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. 1864 నవంబరులో బందరు తుఫానుకి పోయినవాళ్ళు 30,000 దాకా ఉంటారని అంచనా. అలాంటి నేల మీద, ఇంటి యజమాని పేరున ఉన్న పాలసీ చెల్లుబాటులో ఉందా, సగంలో ఆగిందా అన్నది మిగిలిన కుటుంబానికి తిండికి సంబంధించిన సంగతి.

తరవాతి కథ మనకి సుపరిచితమే, ఆటోమేషన్. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థల జీవిత బీమా వ్యాపారం కలిపి ఎల్ఐసీ ఏర్పాటు చేశారు. 1950ల చివర్లో పంచ్ కార్డులు మింగే యూనిట్ రికార్డ్ మెషీన్లు, 1964లో కంప్యూటర్లు వచ్చాయి. మన దేశంలో మామూలు జనం లెక్కల్ని మెషీన్ల మీదకి ఎక్కించిన తొలి సంస్థల్లో అదొకటి. లెడ్జరు తిరగేసి చేత్తో చూసుకునే వాయిదా తేదీలు కార్డుల కట్టల్లోకి వెళ్ళాయి. బందర్లో ఇప్పుడూ ఎల్ఐసీ డివిజనల్ ఆఫీసు ఉంది. మెషీన్లు మారాయి గానీ, ఏ తేదీని చూడాలో మెషీనుకి చెప్పేది మనిషే.

సరే, మళ్ళీ జిమ్ముకొద్దాం. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మూడు హెల్త్ క్లబ్బుల్లో 7,752 మంది సభ్యుల హాజరు రికార్డులు పరిశీలించి 2006లో ఒక పేపరు అచ్చేశారు. నెలకి 70 డాలర్లు పైన కట్టేవాళ్ళు సగటున వెళ్ళింది నెలకి 4.3 సార్లు. అంటే వెళ్ళినప్పుడల్లా 17 డాలర్లు పైనే పడింది. అదే క్లబ్బులో 10 డాలర్లకే విడిగా వెళ్ళే పాస్ ఉంది! ఇంకో ముక్క: నెలసరి సభ్యులు చివరిసారి వెళ్ళినప్పటికీ, సభ్యత్వం రద్దు చేసుకున్నప్పటికీ మధ్య సగటున 2.3 నెలలు గడిచాయి. ఆ రెండు నెలల పైచిలుకు ఫీజు ఎవరి నిశ్శబ్దం మీద వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రాని సభ్యుడు ట్రెడ్‌మిల్ అరగదీయడు, ఏసీ వాడడు, ట్రైనరు టైము తినడు. ఆయన్ని లేపడానికి జిమ్ముకి తొందరేముంటుంది? అందుకే రెన్యువల్ మెసేజ్ దానంతటదే పుడుతుంది, "మూడు వారాలుగా రావట్లేదు, ఏమైంది?" అనేది ఎవరో పనిగట్టుకుని పుట్టించాలి.

ఈ కాలంలోనూ ఇలాంటి పనిగట్టుకోవడం జరిగింది. కార్డుల మీద ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే మాండేట్లకి, కోతకి కనీసం 24 గంటల ముందు కస్టమరుకి కబురు పంపాలనీ, వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలనీ రిజర్వ్ బాంకు పెట్టిన నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలైంది. 1938 నాటి మూడు నెలలు 24 గంటలయ్యాయి, భావం అదే. ఇక ట్రాయ్ 2018 నిబంధనలు, వాట్సాప్ టెంప్లేట్ అనుమతులు చెప్పేది ఎవరికి, ఎవరి పేరుతో, ఏ రకం మెసేజ్ పంపొచ్చు అన్నది. జిమ్ము ఏది పంపి తీరాలో అవి చెప్పవు.

కాబట్టి ఆ భాగం మన చేతుల్లో ఉంది. తెలిసినవాళ్ళ జిమ్ముకో యోగా స్టూడియోకో ఇలాంటిది కట్టిస్తున్నప్పుడు "చివరి హాజరు" కాలమ్ కూడా పెట్టమనండి. మూడు వారాలు రాకపోతే ఒకే ఒక్క మెసేజ్ వెళ్ళాలి. అందులో ఆఫర్లు వద్దు, దారులు రాయండి: బ్యాచ్ టైము మార్చుకోవచ్చు, రెండు నెలలు ఫ్రీజ్ చేసుకోవచ్చు, ఇంట్లో ఇంకొకరికి బదిలీ చెయ్యొచ్చు. అవి నిజంగా ఉండాలి సుమా, లేకపోతే 113 లేని 50 అవుతుంది. జవాబొస్తే బాట్ కాదు, కౌంటర్లో మనిషి చూడాలి. "మోకాలి ఆపరేషన్ అయ్యింది" అని రాసినవాడికి "గ్రేట్! ఈ రోజే రండి" అని వెళ్ళకూడదు.

దీనివల్ల జిమ్ముకి నష్టం కదా అంటారు. రెండు నెలలు ఫ్రీజ్ చేసుకున్నవాడు మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. మోసపోయాననుకున్నవాడు మాత్రం రాడు, పక్కింటాయన్నీ రానివ్వడు. చిన్న ఊళ్ళో జిమ్ము నడిపేవాళ్ళకి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. వాళ్ళు అడగనిదల్లా ఆ ఒక్క కాలమే. అది డిజైన్ రోజునే మనం అడిగితే సరి.