గొడుగు అంగడి: కుటుంబ వృత్తి నడిచివచ్చిన దారి

గొడుగుల వ్యాపారం చాలాచోట్ల కుటుంబాల చేతిలోనే పెరిగింది. కాడ, పిడి, కమ్ములు, గుడ్డ వేరువేరుగా తెచ్చి ఒకచోట కూర్చాలి. కమ్మి విరిగితే మళ్లీ అదే అంగడికి తేవాలి. అమ్మకంతో పాటు మరమ్మతూ తెలిసిన ఇల్లే ఈ పనిలో నిలబడగలిగింది.

లండన్‌లో 1830లో మొదలైన జేమ్స్ స్మిత్ అండ్ సన్స్ ఇలాంటి అంగళ్లలో పేరుమోసింది. మొదట్లో యూరప్ గొడుగుల కమ్ములు తిమింగలం నోటి పలకలతోనో పేముతోనో ఉండేవి; బరువెక్కువ. 1852లో శామ్యూల్ ఫాక్స్ ఉక్కు కమ్ములు తెచ్చాక గొడుగు తేలికై, చౌకై, సామాన్యుల చేతికి వచ్చింది. బొంబాయిలో 1860లో ఇబ్రహీం కరీం అండ్ సన్స్ వెలిసింది. దుప్పి గుర్తు గొడుగులు వాళ్లవే.

దక్షిణాదిలో గొప్ప ఉదాహరణ కేరళలోని అలప్పుళదే. మరొకరి గొడుగుల అంగట్లో కూలీగా పని నేర్చుకున్న తయ్యిల్ అబ్రహాం వర్గీస్ 1954లో సెయింట్ జార్జ్ అంబ్రెల్లా మార్ట్ తెరిచాడు. కేరళలో బడులు తెరిచేదీ, వానలు మొదలయ్యేదీ జూన్‌లోనే కావడం ఈ వ్యాపారానికి పెద్ద అండ. 1995లో కుటుంబం విడిపోయింది. ఆ ఒక్క అంగడి నుంచే పాపీ, జాన్స్ అనే రెండు కంపెనీలు పుట్టుకొచ్చాయి. పోటీపడి ప్రకటనలిస్తూ, పిల్లల గొడుగులకు రంగులద్దుతూ రెండూ ఎదిగాయి. పని నేర్చిన చేతికి ఇంతకంటే గొప్ప ఫలితం ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లోని పూతలపట్టు, చిత్తూరు ప్రాంతం తీరు వేరు. ఇక్కడ నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటిలోనూ వాన కురుస్తుంది. ఎండకూ గొడుగు కావలసిందే. మరోవైపు, 1928లో బెర్లిన్‌లో హాన్స్ హౌప్ట్ రూపొందించిన మడత గొడుగు క్రమంగా లోకమంతా పాకింది. సంచిలో ఇమిడే ఆ సుఖం మంచిదే. కానీ చౌకరకం మడత గొడుగు విరిగితే బాగుచేయించేవారు తక్కువ. మరమ్మతు మీద బతికిన కుటుంబాలకు అదే పెద్ద దెబ్బ.

చేతిపని గట్టిగా నిలిచింది దేవుడి గొడుగుల్లోనే. తిరుమల బ్రహ్మోత్సవాలకు వచ్చే తెల్లగొడుగులను చెన్నై చింతాద్రిపేటలో తరతరాలుగా ఈ పనిలో ఉన్నవారు తయారుచేస్తారు. చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి ఊరేగింపుగా బయలుదేరి, అవి ఐదోనాటి గరుడసేవకు ముందే కొండకు చేరతాయి.