బోర్లించిన దోనె

గోదావరి మీద పడవల చరిత్ర అనగానే పుస్తకాల్లో కాటన్ దొర, ఆవిరి పడవలు కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాత ఎగువ గోదావరిని పడవల దారిగా మార్చాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. అవి రాతి కట్టడాలు కాబట్టి ఆనవాళ్లు మిగిలాయి. ఒకే మానును తొలిచి మన కొండరెడ్లు చేసుకున్న దోనెలు మాత్రం మట్టిలో కలిసిపోయాయి. 1941లో పాపికొండల రెడ్ల మధ్య తిరిగిన హైమెన్‌డార్ఫ్, 1945లో వచ్చిన తన పుస్తకంలో కలప వ్యాపారుల అప్పుల్లో వారు చిక్కుకున్న తీరును రాశారు. దోనెను ఏటేటా కాపాడుకున్న పనితనం మాత్రం చేతుల్లోనే ఉండిపోయింది.

ఆ పనంతా వానాకాలానిదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. అంత వరదలో ఒడ్డున కట్టిన దోనె నిలవదు, గట్టెక్కించాల్సిందే. గట్టెక్కాక దానికి శత్రువు ముసురు. వారం రోజులు ఎండ లేకపోతే మా హాస్టల్లో పిల్లల ట్రంకు పెట్టెల్లోని దుప్పట్లకే బూజు పడుతుంది, ఇక చెక్క సంగతి చెప్పాలా!

చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటితే దాన్ని తినే బూజుకు అనుకూలం. కానీ చెక్క పూర్తిగా నీట మునిగి ఉంటే గాలి అందక ఆ బూజు పెరగదు. అందుకే నిలకడ నీరున్న చోట రాళ్లు వేసి దోనెను ముంచి ఉంచడం ఒక పద్ధతి. గాలి ఆడే చోట ఆరబెట్టడం రెండోది. చెడగొట్టేది ఈ రెండింటికీ మధ్య ఉన్న స్థితి: నేలకు ఆనుకుని, కడుపులో వాననీళ్లు నిలిచి, సగం తడిగా పడి ఉండటం.

ఆరబెట్టే ముందు ఒండ్రు, చేపల జిగురు పోయేలా కడగాలి. బూజుకు మొదటి తిండి అదే. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి కనుక నీడలోనే ఆరనివ్వాలి. ఆపైన రెండు దుంగల మీద జానెడు ఎత్తున బోర్లించి, చూరు కింద ఉంచాలి. పగుళ్లలో నూనెతో కాచిన గుగ్గిలం పూయాలి, అదీ చెక్క బాగా ఆరాకే. తడి మీద పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది. తాటిదోనె అయితే కొసల దగ్గర మరీ జాగ్రత్త. తాటిమాను పైన గట్టి, లోపల మెత్తన, కోసిన చోట నీరు పీల్చేస్తుంది. నల్లగా పైపైన పట్టింది తుడిస్తే పోతుంది. కత్తిమొన గుచ్చితే మెత్తగా దిగితే మాత్రం లోపల చివికినట్టే.

ఇప్పుడు టార్పాలిన్ బిగించి కట్టేస్తున్నారు. వాన పడదు, నిజమే. కానీ లోపలి ఆవిరికి దారి ఉండదు. మా దృష్టిలో దానికన్నా పాత తాటాకు కప్పే మేలు.

పోలవరం ముంపుతో నది ఒడ్డు వదిలి కాలనీలకు వెళ్లిన కుటుంబాలకు దోనెతో పని లేదు. ఏటా కడిగి బోర్లించే చేతులు లేక, మిగిలిన ఒకటీ అరా కూడా పెరట్లో వానకు తడుస్తున్నాయి. ఎవరింట దోనె ఉన్నా గదిలో పెట్టి తలుపు వేయకండి, గాలి తగలనివ్వండి. ఏ మానుతో చేశారో, ఎవరు తొలిచారో, పొడవు ఎన్ని మూరలో పెద్దలను అడిగి ఈ వానాకాలంలోనే రాయించండి.