ఫాలో-ఆన్ ఇచ్చిన స్టీవ్ వా తప్పు చేశాడా?



లక్ష్మణ్ 281 గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. హైదరాబాదు కుర్రాడు, మన తెలుగువాడు. బడిలో తమిళం చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే చెట్టికరై వాళ్లం మేము. మాకూ ఆ గర్వం ఉంది. కానీ దాని వెంటే ఇంకో మాట వస్తుంది: "స్టీవ్ వా బుద్ధి లేకుండా ఫాలో-ఆన్ ఇచ్చాడు, అందుకే ఓడాడు" అని. ఇది నిజమా? లెక్క వేసి చూద్దాం.

2001 మార్చి 11న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆ టెస్టు మొదలైంది. అప్పటికి ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి ఉంది. ముంబైలో మనల్ని మూడు రోజుల్లోనే ఓడించింది. కోల్‌కతాలో వాళ్లు 445 కొట్టారు, మనం 171కే ఆలౌట్. 274 పరుగుల వెనుకబాటు. 200 తేడా ఉంటే చాలు, మళ్లీ బ్యాటింగ్‌కు దించవచ్చు. వా దించాడు.

ఆ రోజు అతని చేతిలో ఉన్న లెక్క ఏమిటి? 1877 నుంచి 1500 పైచిలుకు టెస్టులు జరిగాయి. వాటిలో వందల కొద్దీ సార్లు ఫాలో-ఆన్ ఆడించారు. అలా ఆడిన జట్టు గెలిచింది రెండేసార్లు: 1894లో సిడ్నీలో, 1981లో లీడ్స్‌లో. రెండుసార్లూ గెలిచింది ఇంగ్లండు, ఓడింది ఆస్ట్రేలియా. పైగా మన మొదటి ఇన్నింగ్స్ 60 ఓవర్లు కూడా నిలవలేదు కాబట్టి వాళ్ల బౌలర్లు అంతగా అలసిపోలేదు.

గంగూలీ, కోచ్ జాన్ రైట్ మాత్రం ద్రావిడ్‌ను ఆరో స్థానానికి పంపి, మొదటి ఇన్నింగ్స్‌లో 59 కొట్టిన లక్ష్మణ్‌ను మూడో స్థానంలో దించారు. ఒక్క ఇన్నింగ్స్‌ను పట్టుకుని ఏ లెక్కా ఆ మాట చెప్పదు. వాళ్లు ఆట చూసి నమ్మారు. నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. ఇద్దరూ కలిసి 376 జోడించారు. ద్రావిడ్ 180. ఆస్ట్రేలియా 178 ఓవర్లు వేసింది. 657 దగ్గర మనం డిక్లేర్ చేశాం. 384 కొట్టాల్సిన వాళ్లు హర్భజన్ ముందు 212కే కూలారు. మొదట మనం కొట్టింది 171, చివర గెలిచిన తేడా కూడా 171.

ఆ తర్వాత చాలామంది కెప్టెన్లు ఫాలో-ఆన్ అంటేనే జంకారు. అయినా మళ్లీ అలాంటి గెలుపు రావడానికి 2023 దాకా పట్టింది. వెల్లింగ్టన్‌లో న్యూజీలాండ్ ఒక్క పరుగుతో ఇంగ్లండును ఓడించింది.

రైల్వే కౌంటర్లో కూర్చున్న మాకు ఇది కొత్త కాదు. వెయిటింగ్ లిస్టు 5 ఉంటే "సీటు దొరుకుతుందండీ" అంటాం. ఎప్పుడో ఒక పండగ రోజు దొరకదు. అంతమాత్రాన ఆ సలహా తప్పు అయిపోదు. మన సంఘంలోనూ అంతే. ఎండాకాలంలో పెట్టిన ఉత్సవానికి వాన వస్తే కమిటీని తిడతాం. తేదీ పెట్టిన రోజు వాళ్లకు తెలిసింది ఏమిటో అడగం.

వా తీసుకున్నది సరైన నిర్ణయమే. అలా అన్నందువల్ల లక్ష్మణ్ చిన్నవాడు కాడు. ఎదుటివాడు తప్పు చేస్తే గెలవడం వేరు, ఎదుటివాడు తప్పు చేయకపోయినా గెలవడం వేరు.