ఈ జట్టు ఎవరిది?

నిజాము ప్రభుత్వ రైలుమార్గము ఓరుగల్లు మీదుగా బెజవాడను చేరిన 1889వ సంవత్సరమున, ఆ సంస్థానపు తూర్పు అంచున మద్రాసు రాజధానికి ఆనుకొనియున్న మా ఎర్రుపాలెము, మధిర ప్రాంతము హైదరాబాదు నగరమునకు ఒక్కసారిగా చేరువయ్యెను. అంతవరకు బండ్లమీద దినములు గడచినగాని అందని రాజధాని వార్తలు ఆ నాటినుండి పట్టాల వెంట వచ్చుట మొదలిడెను. నాడు మధిర తాలూకా వరంగల్లు జిల్లాలోనిది. ఖమ్మము ప్రత్యేక జిల్లాగా రూపొందినది 1953లో మాత్రమే. ఆ 1889లోనే, ఆగస్టు 15వ తేదీన, కలకత్తాలో మోహన్ బాగాన్ అను క్రీడాసంఘము స్థాపితమయ్యెను. ఈ రెండు సంఘటనలకును సంబంధము లేదు. అయినను నేను చెప్పబోవు కథకు రెండును అవసరము. దూరమున నున్న పల్లెవాడు సైతము నగరపు జట్టును తనదిగా భావించుకొనుటకు మార్గమేర్పరచినది మొదటిది. జట్టు నిజముగా ఎవరిదై యుండవలెనో చూపినది రెండవది.

కబడ్డీ, వాలీబాలు ఏలుచున్న మా ఖమ్మము సీమ పల్లెలలో ఫుట్‌బాలు ఎన్నడును ప్రధాన క్రీడ కాలేదు. అయినను ఒకప్పుడు హైదరాబాదు పేరు దేశమంతట మార్మోగినది ఈ ఆట వలననే యన్న సంగతిని నేటి యువకులు విస్మరించుట నాకు బాధ కలిగించును. ఆ కీర్తికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిచేత ఆయన ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణభారమును స్వీకరించి, 1963 జూన్ 11వ తేదీన క్యాన్సరు వ్యాధితో కన్నుమూయువరకు దానిని విడువలేదు. బంతిని కాలికి అంటించుకొని ఒంటరిగా పరుగిడుటయే నైపుణ్యమని తలచు కాలములో, ఒక్క తాకుడుతో సహచరునికి అందించుటయే ఆట యని ఆయన బోధించెను. డ్రిబ్లింగు చేయరాదను నియమముతో ప్రత్యేక పోటీలు నడిపించి బాలురకు ఆ విద్యను అలవరచెను. ఫలితము లోకమునకు విదితమే. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. 1950లో డ్యూరాండ్ కప్పు తుదిపోరులో మోహన్ బాగాన్‌ను ఓడించినదియు వారే. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు రాష్ట్రజట్టు వెంటవెంట రెండుమార్లు గెలిచెను. పిమ్మట 1965లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరియొకమారు గెలిచెను. రహీమ్ శిక్షణలోనే భారతజట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962 జకార్తాలోను స్వర్ణపతకములు సాధించెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4–2 తేడాతో ఓడించి, నాల్గవ స్థానమున నిలిచెను. జకార్తా తుదిపోరున దక్షిణ కొరియాను 2–1తో జయించిన జట్టులో సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఉండెను. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ ఆ కాలపు గోల్‌కీపర్లలో అగ్రగణ్యుడు.

ఇంతటి వైభవము ఎట్లు క్షీణించెను? రహీమ్ మరణముతో అంతయు ముగిసినదని చెప్పుట పరిపాటి. ఆ మాటలో సత్యము లేకపోలేదుగాని, నాకు కనబడు కారణము మరియొకటి కలదు. సిటీ పోలీసు జట్టు ఒక ప్రభుత్వశాఖకు చెందినది. ఆటగాడు పోలీసు ఉద్యోగి. వాని జీతము శాఖ ఇచ్చును. జట్టు బాగోగులు అధికారుల ఆసక్తిపై ఆధారపడియుండును. నగరములోని ఫతే మైదానములో గొంతు చించుకొని కేకలువేసిన రిక్షావానికి గాని, పాతబస్తీ దర్జీకి గాని, ఆ జట్టు వ్యవహారములలో ఒక్క మాట చెల్లునట్టి ఏర్పాటు ఎన్నడును లేదు. ఇదే కాలమున కలకత్తాలోని మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్ సంఘములు చందాలు చెల్లించు సభ్యులతో, ఎన్నికైన కార్యవర్గములతో నడచెను. అచట ప్రేక్షకుడు సభ్యుడు, సభ్యుడు ఓటరు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు తరలిపోయెను. తరువాతి తరములో మహమ్మద్ హబీబ్ 1966లో అదే బాట పట్టెను. పిమ్మట హైదరాబాదు గల్లీలలో మెరసిన ప్రతి బాలుని చూపును కలకత్తా వైపే. వారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు, కళాకారుడు ఆదరణగల చోటికి పోవును. కాని శాఖాధికారుల ఉత్సాహము సన్నగిల్లిన నాడు, ‘ఈ జట్టు మాది, దీనిని నిలబెట్టుడు’ అని అడుగుటకు హక్కుగల మనుష్యుడు ఒక్కడును హైదరాబాదులో లేకపోయెను. యజమానుల దయపై బ్రతుకు జట్ల స్థితి ఇతరచోట్లను ఇంతే. పంజాబులోని ఫగ్వాడాలో జె.సి.టి. మిల్లు జట్టు, 1996–97లో తొలి జాతీయ లీగును గెలిచినదై యుండియు, 2011లో యాజమాన్యపు నిర్ణయముతో మూతపడెను. అంతకు ముందటి యేడు బొంబాయి మహీంద్రా జట్టునకును అదే గతి పట్టెను.

అర్ధశతాబ్దము నిద్రించిన హైదరాబాదు ఫుట్‌బాలునకు 2019 ఆగస్టులో మెలకువ వచ్చినట్లు తోచెను. పూణే నగర జట్టు మూతపడగా ఏర్పడిన ఖాళీలో, ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాదు ఎఫ్.సి. ప్రవేశించెను. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దాని వ్యవస్థాపక యజమానులు. పసుపు, నలుపు వర్ణముల దుస్తులు. గచ్చిబౌలి బాలయోగి క్రీడాప్రాంగణము స్వగృహము. డెక్కన్ లీజియన్ అను పేర సంఘటితులైన అభిమానుల డప్పులు, పాటలు. తొలి ఋతువు ఘోరముగా గడచినది. జట్టు అట్టడుగున నిలిచెను. అయినను క్రొత్త జట్టు గనుక జనము ఓర్చుకొనిరి.

ఇచట నేను కొంచెము నిలిచి చెప్పవలసిన విషయమొకటి కలదు. ఆ మరుసటి రెండు ఋతువులు కరోనా మహమ్మారి కారణముగా గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగినవి. హైదరాబాదు జట్టు ఎదిగినది సరిగా ఆ రెండేండ్లలోనే. స్పెయిన్ దేశపు మనోలో మార్కెజ్ శిక్షకుడై, యువకులైన భారతీయ ఆటగాండ్రను నమ్మి, మొదటి యేడు జట్టును ఐదవ స్థానమునకును, 2021–22లో రెండవ స్థానమునకును చేర్చెను. నైజీరియా వీరుడు బార్తొలొమ్యూ ఒగ్బెచె ఆ ఋతువున 18 గోల్సు సాధించి లీగంతటికి మొనగాడాయెను. గచ్చిబౌలి పక్కవీధిలో నివసించు అభిమానియు, ఎర్రుపాలెము రైలుస్టేషను దాపున నివసించు నేనును, ఆ రెండేండ్లు జట్టునకు సమాన దూరములో ఉంటిమి. ఇరువురికిని టెలివిజనే శరణ్యము. 2022 మార్చి 20వ తేదీన మడ్‌గాంవ్ ఫతోర్డా మైదానమున తుదిపోరు నాటికి ప్రేక్షకులకు ద్వారములు తెరువబడినవి. కాని నిండినది కేరళ బ్లాస్టర్స్ అభిమానులతో. 68వ నిమిషమున రాహుల్ కె.పి. కొట్టిన గోలుతో కేరళవారు ముందంజ వేయగా, ఆట ముగియుటకు రెండు నిమిషములు మాత్రమే యుండగా సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతి గూటిలో పడెను. అదనపు సమయము గడచి పెనాల్టీల వరకు పోయిన ఆ పోటీలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను నిలువరించెను; 3–1తో ఛాంపియన్ల బిరుదు హైదరాబాదును వరించెను. ఏ నగరపు అభిమానులకైనను ఇంతటి దినము జీవితములో ఒక్కసారి వచ్చుటయే అరుదు. అది వచ్చిన నాడు తమ జట్టును తమ గడ్డమీద చూచుకొను భాగ్యము వీరికి లేకపోయెను. 2022 అక్టోబరులో జట్టు ఇంటికి వచ్చెను. ఆ ఋతువున మరల రెండవ స్థానము. లెక్కించి చూడగా, హైదరాబాదు ప్రజలు తమ మైదానములో తమ జట్టు గొప్పగా ఆడుటను చూచినది ఆ ఒక్క ఋతువు మాత్రమే.

2023లో మార్కెజ్ గోవా జట్టునకు వెడలిపోయెను. పిదప పతనము ఎంత వేగముగా జరిగెనన, అనుసరించుటకే కన్నులు చాలలేదు. ఆటగాండ్రకు జీతములు అందుటలేదన్న వార్తలు వెలువడెను. బకాయిల కారణముగా క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫిఫా నిషేధము విధించెను. 2024 జనవరిలో పేరుగల ఆటగాండ్రు ఒకరి వెంట ఒకరు జట్టును విడిచిరి. విదేశీయులలో బ్రెజిలుకు చెందిన జొవావ్ విక్టర్ మాత్రము నిలిచెను. అతని చుట్టు యువజట్టు నుండి తెచ్చిన పిల్లలతో శిక్షకుడు థాంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన ఆటలన్నియు ఆడించెను. 22 ఆటలలో గెలిచినది ఒక్కటి. వచ్చిన పాయింట్లు 8. రెండేండ్ల క్రిందటి విజేత అట్టడుగున పడెను. జీతము లేక ఆడిన ఆ పిల్లలయెడ నాకు గల గౌరవము, కప్పు గెలిచిన వారియెడ గల గౌరవమునకు ఏమాత్రము తీసిపోదు.

యజమానులపై అభిమానులు వెలిబుచ్చిన ఆగ్రహము న్యాయమైనది. కాని న్యాయము రెండువైపుల చూడవలెను గదా: కప్పు తెచ్చిన జట్టును కూర్చినదియు ఆ యజమానులే. నాటి మన లీగు నిర్మాణమే నష్టములకు మార్గము. జట్టు ప్రతియేడు నిర్వాహకులకు భారీ రుసుము చెల్లించవలసి యుండెను. ప్రసారముల వలన వచ్చు ఆదాయము స్వల్పము. మహమ్మారి రెండేండ్లు టిక్కెట్టు సొమ్మే లేదు. ఇట్టి స్థితిలో జట్టు బ్రతుకు యజమాని జేబు లోతుపై ఆధారపడియుండును. ఆ జేబు వట్టిపోయిన నాడు వాని మంచితనము గాని, పట్టుదల గాని అక్కరకు రావు. ఆ సంగతిని ముందుగా తెలుపవలసిన బాధ్యత అభిమానులయెడ ఎవరికిని లేకుండుటయే అసలు దోషము. లెక్కల పుస్తకము చూచు హక్కు వారికి లేదు. ప్రశ్నించుటకు సర్వసభ్య సమావేశము లేదు. వార్తాపత్రికలలో చదివి తెలిసికొనుటయే వారి వంతు.

2024లో బి.సి. జిందాల్ వ్యాపార సంస్థ జట్టును స్వీకరించగా అభిమానులు ఊరట చెందిరి. ఋతువు సమీపించిన వేళ హడావుడిగా కూర్చిన జట్టు 13లో 12వ స్థానమున నిలిచెను. అయిననేమి, ప్రాణము దక్కెను గదా యనుకొనిరి. ఆ పిమ్మట, లీగు నిర్వహణ ఒప్పందముల వివాదముతో ఋతువే అనిశ్చితమై యున్న 2025 అక్టోబరులో, జట్టు ఢిల్లీకి తరలిపోవుచున్నదనియు, ఇకమీదట దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యనియు ప్రకటన వెలువడెను. దానితో హైదరాబాదు ఎఫ్.సి. ఆరేండ్ల చరిత్ర ముగిసెను. ఓటమిని అభిమాని భరించును, అట్టడుగు స్థానమును భరించును. తరువాతి యేడు చూతము అను ఆశతో అతడు బ్రతుకును. ఆ తరువాతి యేటినే మరియొక నగరమునకు బదిలీ చేసినచో అతడు దేనిని పట్టుకొనవలెను?

కలకత్తాలో జరిగినది చూడుడు. 2020లో మోహన్ బాగాన్ పేరునకు ముందు ఏటీకే అను మూడక్షరములను తగిలించినప్పుడు ఆ సంఘపు అభిమానులు మూడేండ్లు పోరాడిరి. 2023 మార్చిలో జట్టు కప్పు గెలిచిన రాత్రియే, యజమాని సంజీవ్ గోయెంకా ఆ అక్షరములను తొలగించుచున్నట్లు ప్రకటించెను. 2021 జూలైలో పెట్టుబడిదారుల షరతుల విషయమై ఈస్ట్ బెంగాల్ అభిమానులు సంఘపు గుడారము ఎదుట నిరసన తెలిపి లాఠీ దెబ్బలు తినిరి. ఆ పట్టుదలకు మూలము శతాబ్దపు సభ్యత్వ సంప్రదాయము. జర్మనీలో 1998 నుండి, ఏ వ్యాపారికి ఎంత వాటా యున్నను, క్లబ్బులో సగమునకు మించిన ఓట్లు సభ్యుల చేతిలోనే యుండవలెనను నియమము కలదు. అతికొద్ది మినహాయింపులు తప్ప అది నేటికిని అమలులో నున్నది.

అయితే మన స్థితికి అచ్చముగా సరిపోలునది ఇంగ్లండులోని వింబుల్డన్ కథ. 1988లో ఎఫ్.ఎ. కప్పు గెలిచిన ఆ జట్టును యజమానులు దూరమున నున్న మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలించుటకు 2002 మేలో అనుమతి లభించెను. కొలది వారములలోనే అభిమానులు చందాలు పోగుచేసి, తమ ఊరి మైదానములో బహిరంగముగా ఆటగాండ్రను పరీక్షించి ఎంపికచేసి, ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్రొత్త జట్టును స్థాపించిరి. లీగుల సోపానములో తొమ్మిదవ మెట్టునుండి బయలుదేరి, తొమ్మిదేండ్లకు, 2011లో, వృత్తిజట్ల వరుసలో స్థానము సంపాదించిరి. 2020 నవంబరులో ప్లౌ లేన్ వీధికి, తమ పాత మైదానమునకు కూతవేటు దూరములో, సొంత క్రీడాప్రాంగణముతో తిరిగివచ్చిరి.

హైదరాబాదులో ఆట చచ్చినదనుట అసత్యము. నగరపు శ్రీనిధి డెక్కన్ జట్టు 2022–23, 2023–24 ఐ-లీగులలో వరుసగా రెండవ స్థానము పొందెను. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోరు గచ్చిబౌలిలోనే జరుగగా, బెంగాలు కేరళను 1–0తో ఓడించెను. నగరములో రహీమ్ పేరిట నడచు స్థానిక లీగు కలదు. దానిలో చిన్న జట్లు తమ మెట్టులో తాము ఆడుచునే యున్నవి. అందుచేత డెక్కన్ లీజియన్ మిత్రులకును, వారివలె మనసు గాయపడిన వారందరికిని నా విన్నపమొక్కటే. ఢిల్లీ పోయిన జట్టును తిట్టుటకు వెచ్చించు కాలములో, ఏటేట స్వల్ప రుసుము చెల్లించు సభ్యులతో, మనిషికొక ఓటుతో ఒక సంఘమును రిజిస్టరు చేయించి, స్థానిక లీగులో క్రింది మెట్టునుండి ఆడించుడు. తరలింపు, పేరు, వర్ణము, ఈ మూడును నాలుగింట మూడువంతుల సభ్యుల సమ్మతి లేక మార్చరాదని నియమావళి మొదటి పుటలోనే వ్రాయుడు. ఏటికొకసారి లెక్కలు అచ్చువేయించి సభ్యులందరికి పంపుడు. సభ్యత్వమును నగరవాసులకే పరిమితము చేయక, ఖమ్మము, మధిర, ఇల్లెందు వంటి ఊళ్లలోని వారికిని ఇండ్ల వద్దనుండియే చేరు వీలు కల్పించుడు. తొలి యేటి రుసుము చెల్లించుటకు నేను సిద్ధముగా నున్నాను.