నవంబరు రెండు: కృష్ణా డెల్టాలో సమాధుల పండుగ

కృష్ణా డెల్టా క్రైస్తవులు చనిపోయిన తమ వారిని తలచుకునేందుకు ఏటా నవంబరు 2న జరుపుకొనేది సమాధుల పండుగ. విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు దాకా ఏ ఊళ్లో చూసినా ఆ వారం సందడంతా ఊరి చివర, కాలవ గట్టునో డొంక పక్కనో ఉన్న సమాధుల తోటలోనే. వానాకాలమంతా ఎవరూ అడుగుపెట్టని ఆ నేలలో తుంగ, వయ్యారిభామ, తుమ్మ కంప నడుమెత్తు పెరిగి ఉంటాయి. కత్తులు, పారలు పట్టుకుని ముందు మగవాళ్లు వెళ్లి దారి చేస్తారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసుకొచ్చి సమాధుల మీద పట్టిన పాకుడు రుద్ది కడుగుతారు. సున్నంలో కాస్త నీలిమందు కలిపి వెల్ల వేస్తారు. వెలిసిపోయిన పేర్లను నల్ల పెయింటుతో మళ్లీ దిద్దుతారు. రెండో తేదీ సాయంత్రానికి బంతిపూల దండలు, కొవ్వొత్తులు, అగరొత్తులు వస్తాయి. పొద్దు గూకే వేళకు ఫాదర్ గారో పాస్టరు గారో వచ్చి ప్రార్థన చేస్తారు.

ఈ తేదీని పెట్టింది ఐరోపా. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒడిలో 998 ప్రాంతంలో తన కిందున్న మఠాలన్నిటికీ ఒక ఆజ్ఞ పంపాడు. నవంబరు 1 సకల పునీతుల పండుగ కాబట్టి, దాని మర్నాడు చనిపోయిన విశ్వాసులందరి కోసం ప్రార్థనలు జరపాలన్నది ఆ ఆజ్ఞ. పునీతులకు పరలోకంలో చోటు ఖాయం; మామూలు మనుషుల ఆత్మలు మాత్రం ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతూ ఉంటాయనీ, బతికున్నవారి ప్రార్థనలు వాటికి ఊరటనిస్తాయనీ కథోలికుల విశ్వాసం. మఠాల్లో మొదలైన ఆచారం మెల్లగా ఊళ్లకు పాకింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915లో, పదిహేనో బెనెడిక్ట్ పోపు ఆ ఒక్క రోజున ప్రతి గురువూ మూడు పూజలు అర్పించవచ్చని అనుమతి ఇచ్చారు. నవంబరు 1 నుంచి 8 వరకు సమాధులను దర్శించి ప్రార్థించేవారికి దొరికే దండవిమోచనం, అంటే పాపశిక్ష నుంచి మినహాయింపు, చనిపోయినవారికే చెందుతుందని కూడా కథోలిక సభ నియమం.

ఇదే తేదీ 16వ శతాబ్దంలో స్పెయిన్ గురువుల వెంట మెక్సికో చేరింది. అక్కడి నహువా ప్రజలకు అప్పటికే ఆగస్టు ప్రాంతంలో చనిపోయిన పిల్లలకు ఒక పండుగ, పెద్దలకు మరో పండుగ ఉండేవి. ఆ పండుగల్లో పెట్టే నైవేద్యాలను జనం గుట్టుచప్పుడు కాకుండా చర్చి పండుగ రోజులకు మార్చేశారని డియేగో డురాన్ అనే డొమినికన్ సన్యాసి అనుమానపడి రాసిపెట్టాడు. ఆయన అనుమానం నిజమేనని నేటి మెక్సికో చూస్తే అనిపిస్తుంది. నవంబరు 1 పిల్లలది, 2 పెద్దలది. ఇంట్లో బల్ల మీద పోయినవారి ఫొటో, రొట్టె, మంచినీళ్లు, బంతిపూలు పెడతారు. ఈ సంప్రదాయం 2008లో యునెస్కో జాబితాకెక్కింది. మెక్సికో నగరంలో లక్షల మంది చూసే ఊరేగింపు మాత్రం 2016లోనే మొదలైంది. అంతకు ముందు ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘స్పెక్టర్’లో అలాంటి ఊరేగింపును కల్పించి చూపారు. సినిమాను చూసి ఊరు వేడుక నేర్చుకోవడం తెలుగువారికి ఆశ్చర్యం కలిగించే సంగతేమీ కాదు.

డెల్టాకు ఈ తేదీ రాకముందు కూడా పెద్దలను తలచుకునే రోజులకు కొదవ లేదు. భాద్రపద బహుళంలో మహాలయ పక్షాలు, పన్నెండేళ్లకోసారి కృష్ణా పుష్కరాల్లో పిండప్రదానాలు, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టడం, కనుమ నాడు మినప గారెలు. 2016 ఆగస్టు పుష్కరాల్లో విజయవాడ ఘాట్ల మీద పురోహితుల ముందు జనం వరుసలు కట్టింది ఇందుకే. కానీ తర్పణానికి నది చాలు, బట్టలు పెట్టడానికి ఇల్లు చాలు. వీటిలో దేనికీ సమాధితో పని లేదు. దహనం చేసే కులాలకు ఆ అవసరమూ లేదు. పూడ్చిపెట్టే అలవాటున్న మాల, మాదిగ పల్లెల్లో మట్టిదిబ్బ నాలుగు వానలకు నేలమట్టమయ్యేది. రాయి పాతి, పేరు చెక్కించి ఉంచే స్తోమతా చదువూ చాలామందికి లేవు. డెల్టాలో రాతి సమాధులు మొదట కట్టుకున్నది బందరులో వ్యాపారానికి దిగిన పరదేశులే. 17వ శతాబ్దం నుంచి డచ్చివారు తమవారి సమాధుల మీద వంశచిహ్నాలు చెక్కిన పలకలు పరిచారు. బందరుకోట దగ్గరి ఆ శ్మశానం ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. బందరులోని సెయింట్ మేరీస్ చర్చి కూడా 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ సమాధి కోసమే లేచిందనీ, ఆమెను ప్రేమించిన మేజర్ జనరల్ జాన్ పేటర్ దాన్ని కట్టించాడనీ ఊళ్లో చెప్పుకుంటారు.

పల్లెల్లో పేరున్న సమాధి లేవడం మిషన్ల రాకతో మొదలైంది. 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. నోబుల్ 1843లో బడి పెట్టి, 1865లో అదే ఊళ్లో కన్నుమూశారు. ఆయన దృష్టి ముఖ్యంగా పై కులాల పిల్లల చదువు మీద ఉండేది. మిషన్ రూపు మార్చింది మాత్రం 1859లో రాఘవాపురం మాలపల్లెకు చెందిన పాగోలు వెంకయ్య, బెజవాడలో (నేటి విజయవాడ) ఉన్న మిషనరీ డార్లింగ్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకోవడం. అక్కడి నుంచి కుటుంబాలకు కుటుంబాలు, పల్లెలకు పల్లెలు కదిలాయి. చర్చితో పాటు బడి, బడితో పాటు అక్షరం వచ్చాయి. తాత పేరు సిమెంటు మీద రాయించి, దాన్ని చదవగల మనవడు పల్లెలో ఉండటం అంతకు ముందు లేని సంగతి. డెల్టాలో ఈ పండుగ ఇంత గట్టిగా నిలవడానికి దేవశాస్త్రం కంటే ఇదే పెద్ద కారణమనిపిస్తుంది.

ఆ తొలి క్రైస్తవ తరం కళ్లముందే దాదాపు ఇదే తేదీన డెల్టా పెద్ద చావును చూసింది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో వచ్చిన ఉప్పెన బందరును ముంచెత్తింది. బందరులోను, చుట్టుపక్కల ఊళ్లలోను కలిపి చనిపోయినవారు సుమారు 30,000 మంది. శవాల కోసం వెతుకులాట మొదలైన మర్నాటి తెల్లవారి తేదీ నవంబరు 2. ఆ రెంటికీ సంబంధం కాకతాళీయమే. పండుగ పుట్టుకకు ఉప్పెన కారణం కాదు. దివిసీమను ఊడ్చేసి పది వేలకు పైగా ప్రాణాలు తీసిన 1977 ఉప్పెన కూడా నవంబరులోనే, 19న వచ్చింది. డెల్టాకు నవంబరు అలాంటి నెల.

చిత్రమేమంటే బందరు మిషనరీల సొంత సంఘంలో ఈ పండుగకు అప్పట్లో చోటు లేదు. ఇంగ్లండు సంఘం 1549 నాటి ప్రార్థనా పుస్తకంలోనే నవంబరు 2 నాటి ఆత్మల దినాన్ని వదిలేసింది. 1571లో స్థిరపడిన ముప్ఫై తొమ్మిది సూత్రాల్లో 22వది ఉత్తరించు స్థలం అనే నమ్మకాన్ని తోసిపుచ్చింది. చనిపోయినవారి కోసం ప్రార్థించడం తప్పని నేర్చుకుని వచ్చిన మిషనరీల వారసులు ఇప్పుడు నవంబరు 2న సమాధుల మధ్య నిలబడి ప్రార్థిస్తున్నారు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోను, దాని కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలంలోను ఈ రోజున తోటకు వెళ్లని పల్లె అరుదు. పాస్టర్లు మాట జాగ్రత్తగా వాడతారు. పోయినవారి కోసం అడగరు. వారి బతుకును బట్టి దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, పునరుత్థానం గురించి వాక్యం చెబుతారు. చావు జరిగిన ఇంట్లో పెట్టే ఆదరణ కూడికలోనూ, ఏడాదికి పెట్టే జ్ఞాపకార్థ కూడికలోనూ వినిపించే ప్రసంగమే ఇది. సమాధి దగ్గర కొవ్వొత్తులేమిటి, ఇది వాక్యంలో ఉందా అని నిలదీసే స్వతంత్ర సంఘాలూ ఉన్నాయి. ఆ ప్రశ్నకు పండితుల జవాబు ఏదైనా, ఇంటి ఆడవాళ్ల జవాబు మాత్రం బిందె పట్టుకుని బయల్దేరడమే.

ఈ సంఘాలకు ఆచారం పక్కింటి కథోలికుల నుంచి వచ్చిందనుకోవడానికి ఆధారం లేకపోలేదు. ఇటలీలోని మిలాను నుంచి వచ్చిన కథోలిక గురువులు 1855 నుంచి హైదరాబాదు కేంద్రంగా పనిచేశారు. ఆ మిషన్ నుంచి విడిపడి 1933లో బెజవాడ వేరే పాలనగా ఏర్పడి, 1937లో బిషపు పాలించే మేత్రాసనమైంది. గుణదల కొండ దగ్గర ఫాదర్ అర్లాటి 1924లో ప్రతిష్ఠించిన లూర్దు మాత స్వరూపం ఇప్పుడు ఫిబ్రవరి ఉత్సవాలకు లక్షల మందిని రప్పిస్తుంది. అక్కడ తలనీలాలు ఇచ్చి కొబ్బరికాయ కొట్టేవారిలో క్రైస్తవులు కానివారు కూడా ఎక్కువే. కథోలికులకు నవంబరు 2 మొదటి నుంచీ ఉన్నదే. ఒకే పల్లెలో రెండు సంఘాలు, చాలాచోట్ల ఒకటే శ్మశానం. పక్క సమాధికి సున్నం వేసి దీపం పెడుతుంటే తమవారి సమాధిని కంపలో వదిలేసి ఎవరు ఊరుకుంటారు?

తేదీ మిషన్లది, పద్ధతి డెల్టాది. కొన్ని కుటుంబాలు పోయినవారికి ఇష్టమైన వంటకం వండి తెచ్చి సమాధి మీద కాసేపు ఉంచి అక్కడే పంచుకుంటాయి. సంక్రాంతికి పెద్దలకు పెట్టే పద్ధతి ఇందులో కనిపించకుండా ఉండదు. సమాధుల దగ్గర పెద్దలను తలచుకోవడం కృష్ణా జిల్లాకే పరిమితమూ కాదు. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి రాత్రి శ్మశానంలోనే దీపాలు వెలిగించి, పెద్దలకు ఇష్టమైనవి పెట్టి పండుగ చేసుకుంటాయి. ముస్లింలు షబ్-ఎ-బరాత్ రాత్రి సమాధులకు వెళతారు. కృష్ణకు ఆవలి వైపు కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులకు ఊరు ఊరంతా ఉత్సవం చేస్తుంది.

పూల సంగతి మరీ విచిత్రం. నవంబరు 2కు ముందు రెండు రోజులు విజయవాడ పూల మార్కెట్లో బంతికి, చామంతికి గిరాకీ పెరుగుతుంది. మెక్సికోలో ఆ రోజు పోయినవారికి దారి చూపే పువ్వు కూడా బంతే. బంతి పుట్టిల్లు మెక్సికో. సముద్ర వ్యాపారాల కాలంలో ఇండియా చేరి ఇక్కడ గుమ్మానికీ, దేవుడికీ, శవానికీ, సమాధికీ దండగా మారింది. రెండు దేశాల శ్మశానాల్లో ఒకే రోజున ఒకే పువ్వు కనిపించడం వెనక ఎవరి ఏర్పాటూ లేదు.

సమాధి రూపం మాత్రం కొన్ని దశాబ్దాల్లోనే మారిపోయింది. ఇటుక, సున్నం దిమ్మెల చోట సిమెంటు, తర్వాత టైల్సు, ఇప్పుడు నల్ల గ్రానైటు పలక, దాని మీద రంగుల ఫొటో. గల్ఫుకో అమెరికాకో వెళ్లిన కొడుకు డబ్బు పంపితే మీద రేకుల నీడ కూడా లేస్తుంది. పక్కనే పేరు లేని మట్టిదిబ్బలు అలాగే ఉంటాయి. చోటు చాలని తోటల్లో భార్యాభర్తలకు ఒకటే గొయ్యి; ఏళ్ల తర్వాత తెరిచి, పలక మీద రెండో పేరు చేరుస్తారు.

అసలు చిక్కు నేల దగ్గరే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్నవారికి షెడ్యూల్డ్ కులం హోదా ఉండదు. అందువల్ల కాగితం మీద ఒక మతం, ఆదివారం మరో మతం అన్నది డెల్టాలో చాలా కుటుంబాలకు అలవాటైన బతుకు. ఎస్సీ శ్మశానంగా పిలిచే స్థలంలోనే శిలువ ఉన్న సమాధులూ, లేనివీ పక్కపక్కనే ఉంటాయి; కొన్నిచోట్ల రెంటికీ నవంబరు 2నే సున్నం పడుతుంది. 2014లో అమరావతి ప్రాంతాన్ని రాజధానిగా ప్రకటించిన తర్వాత విజయవాడ చుట్టూ భూమి ధరలు పెరిగి, కంకిపాడు వైపు పొలాలు కూడా ప్లాట్లుగా మారసాగాయి. శవాన్ని మోసుకెళ్లే డొంక వెంచరు కంచెలోకి పోవడం, గట్టు తవ్వకానికి దిబ్బలు కూలడం కొత్త తగాదాలు. తోటకు దారి వదలమనీ, ప్రహరీ కట్టమనీ, కడగడానికి ఒక చేతిపంపు వేయమనీ పంచాయతీలకు, మండల కార్యాలయాలకు పల్లెలు పెట్టుకునే అర్జీలు ఎక్కువగా ఈ పండుగ ముందే కదులుతాయి.