కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి వీడియో ఎట్లా వచ్చింది? మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవాల్సిన చరిత్ర

డిగ్రీలో సైన్స్ తీసుకున్న మనోళ్ల కోసం ఈ పోస్టు. కొంచెం పొడవుగానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

మనలో చాలామందిమి ఇంటర్ దాకా బ్యూరెట్‌ను పుస్తకంలో బొమ్మగానే చూశాం. డిగ్రీలో అది ఒక్కసారిగా చేతికొస్తది. సార్ ఒకసారి చేసి చూపిస్తారు. ముందు నిలబడ్డోళ్లకు కనిపిస్తది, వెనకున్నోళ్లకు తలకాయలే కనిపిస్తాయి. మళ్లీ అడగాలంటే మొహమాటం, ఇంగ్లీషులో అడగాలంటే భయం. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామన్నా మన ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మనమే మొదలు. అందుకే ప్రాక్టికల్ ముందురోజు రాత్రి ఒక ఫోన్ చుట్టూ నలుగురం కూర్చుని టైట్రేషన్ వీడియో చూస్తాం. దీన్ని కొందరు షార్ట్‌కట్ అంటారు. కానీ ముందు చూసి, తర్వాత చేసి నేర్చుకోవడం రసాయన శాస్త్రంలో చాలా పాత పద్ధతి.

లండన్‌లో మైకేల్ ఫారడే అని ఒకాయన ఉండేవాడు. కమ్మరి కొడుకు. పెద్ద చదువులు లేవు, పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకున్నాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలనే చదివేవాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన కెమిస్ట్రీ పుస్తకం చదివి, అందులోని ప్రయోగాలు చేతనైనంత వరకు సొంతంగా చేసి చూసుకున్నాడు. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదీ చూసిందీ నోట్సు రాసి, బైండింగ్ చేసి డేవీకే పంపాడు. 1813లో అక్కడే ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు. తర్వాత 1825లో అక్కడ పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. వాటిలో ఫారడే ఒక్క కొవ్వొత్తిని వెలిగించి కెమిస్ట్రీ అంతా చెప్పేవాడు. ఆ ఉపన్యాసాలు 1966 నుంచి టీవీలో కూడా వస్తున్నాయి.

అదే కాలంలో, 1824లో, జర్మనీలోని గీసెన్‌లో లీబిగ్ ప్రొఫెసర్‌గా చేరాడు. ఆయన ల్యాబ్‌లో విద్యార్థులు చూస్తూ కూర్చోరు, ప్రయోగం తామే చేయాలి. ఈరోజు మన ప్రాక్టికల్స్‌కు మూలం అక్కడుంది. అంటే రెండు దారులు పక్కపక్కనే మొదలయ్యాయి: లండన్‌లో చూసి నేర్చుకోవడం, గీసెన్‌లో చేసి నేర్చుకోవడం.

తర్వాత సినిమా రీలు వచ్చింది. 1957లో రష్యా స్పుత్నిక్ పంపాక అమెరికా తన సైన్స్ చదువుల మీద గట్టిగా దృష్టి పెట్టింది. 1960లో కెమ్ స్టడీ అనే కార్యక్రమం మొదలైంది. దానికి పెద్ద నోబెల్ గ్రహీత గ్లెన్ సీబోర్గ్. వాళ్లు స్కూలు పిల్లల కోసం పుస్తకంతో పాటు ల్యాబ్ మాన్యువల్, సినిమాలు తయారుచేశారు. సినిమా ఉంది కదా అని ల్యాబ్ తీసెయ్యలేదు. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకుంది. పాఠాలు బీబీసీలో వచ్చేవి. సైన్స్ విద్యార్థులకు మాత్రం టీవీతో సరిపెట్టకుండా, ఇంట్లో చేసుకోవడానికి ప్రయోగాల కిట్లు పంపేవాళ్లు.

మన దగ్గర 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984 ఆగస్టు 15న యూజీసీ కాలేజీ విద్యార్థుల కోసం దూరదర్శన్‌లో కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ మొదలుపెట్టింది. మంచి పనే, కానీ పాఠాలు ఇంగ్లీషులో వచ్చేవి. టీవీలో పాఠం ఆపి వెనక్కి తిప్పుకునే వీలు కూడా లేదు. ఆ టైముకు కరెంటు పోతే అంతే.

1980లలో గ్లాస్గోకు చెందిన అలెక్స్ జాన్‌స్టోన్ ఒక ముఖ్యమైన మాట చెప్పాడు. ల్యాబ్‌లో విద్యార్థి మీద ఒకేసారి చాలా పడుతుంది: కొత్త సామాను, కొత్త పేర్లు, లెక్కలు, సూచనలు, టైము. బుర్ర ఒకేసారి కొన్నింటినే పట్టుకోగలదు. అందుకే కొంత ముందే తెలిసి ల్యాబ్‌లోకి రావాలి. ఈ మాట చదివితే మనకు ప్రాణం లేచొస్తది. మనకు తెలివి తక్కువని కాదు, బరువంతా ఒకేసారి మీద పడుతోందని అర్థం.

2005లో యూట్యూబ్ వచ్చింది. ఆపి, వెనక్కి తిప్పి, పదిసార్లు చూసే వీలు అప్పుడు మన చేతికొచ్చింది. 2008లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో మార్టిన్ పొలియాకాఫ్ బృందం ఒక్కో మూలకానికి ఒక్కో వీడియో పెట్టింది. మన దేశంలో 2009లో మొదలైన జాతీయ మిషన్ కింద వర్చువల్ ల్యాబ్స్ వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో చాలామందికి ల్యాబ్ అంటే వీడియో ఒక్కటే అయింది.

వీడియో ఏం నేర్పుతుందో, ఏం నేర్పదో ఒక ప్రయోగంతో చూద్దాం. ఆక్సాలిక్ ఆమ్లంతో పర్మాంగనేట్ టైట్రేషన్. ఫ్లాస్క్‌ను వేడి చేసి మొదలుపెట్టినా మొదటి చుక్కల రంగు వెంటనే పోదు. కొత్తవాళ్లు అదే ఎండ్ పాయింట్ అనుకునే ప్రమాదం ఉంది. చర్యలో పుట్టిన మాంగనీసు అయాన్లే ఉత్ప్రేరకంగా పనిచేయడం వల్ల తర్వాత రంగు గబగబా పోతుంది. పర్మాంగనేట్ రంగు ముదురు కాబట్టి బ్యూరెట్‌లో ద్రవం పై అంచు దగ్గర రీడింగ్ తీసుకోవాలి. ఇవన్నీ వీడియోలో చక్కగా కనిపిస్తాయి. కానీ ఎడమ చేత్తో కాక్ తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్క్ ఊపడం, ఒక్క చుక్క దగ్గర ఆపడం చెయ్యి నేర్వాల్సిందే. ఈత వీడియో చూసి గోదాట్లో దూకలేం గదా!

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, కొన్నిచోట్ల కెమికల్స్ లేవని వీడియో చూపించి, రికార్డు రాయించి, ప్రాక్టికల్ అయిపోయిందంటున్నారు. మార్కులు పడతాయి, పని రాదు. రేపు ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూలో పిపెట్ చేతికిస్తే రికార్డు మాట్లాడదు. ల్యాబ్‌కు వెళ్లేముందు వీడియో చూద్దాం. ల్యాబ్ బదులు వీడియో అంటే మాత్రం ఒప్పుకోవద్దు, నలుగురం కలిసి మర్యాదగా అడుగుదాం.

ఇంకో పని మనమే చేయొచ్చు. సార్ల అనుమతి తీసుకుని, మన ల్యాబ్‌లో ఉన్న సామానుతోనే సీనియర్లు చిన్న చిన్న వీడియోలు తీయండి. తెలుగులో చెప్పండి. వీలైతే కోయలో, గోండిలో, లంబాడీలో, సవరలో చెప్పండి. ఎండ్ పాయింట్ అనే మాట అట్లాగే ఉంచి, అది ఎట్లా గుర్తుపట్టాలో మన భాషలో చెబితే చాలు. తీసినవి ఈ గ్రూపులో పెట్టండి. వచ్చే ఏడు చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు వెనక వరసలో నిలబడినా అన్నీ తెలిసి నిలబడతారు.