ఒక్క మాట పలుకని రాత్రి

అడుగనిదే అమ్మయినను పెట్టదని పెద్దలందురు. అడిగియు, అడిగినట్లు వినబడనందున ప్రాణములు పోయిన ఉదంత మొకటి విమానయాన చరిత్రలో కలదు.

1990 జనవరి 25వ తేదీ రాత్రి. కొలంబియా దేశపు ఏవియాంకా సంస్థ వారి 52వ నంబరు విమానము బొగోటాలో బయలుదేరి, మెడెలిన్‌లో ఇంధనము నింపుకొని న్యూయార్కు నగరమునకు వచ్చుచుండెను. అది నాలుగు ఇంజనుల బోయింగు 707. అందు 158 మంది ఉండిరి. కెన్నెడీ విమానాశ్రయమున మంచు దట్టముగా క్రమ్మినది. గాలి నిలుకడగా లేదు. దిగవలసిన విమానములు ఎక్కువై, నేలనుండి దారి చూపు నియంత్రణాధికారులు ఈ విమానమును మూడు తావుల ఆకాశముననే చుట్టు తిరుగుచు వేచియుండు మనిరి. అట్లు గడచినవి 77 నిమిషములు.

మూడవ తావున సహచోదకుడు తమకు ప్రాధాన్యము కావలెననుకొందునని రేడియోలో తెలిపెను. ఎంతసేపు ఆగగలరని అధికారి అడుగగా, అయిదు నిమిషములే యనెను. అవసరమైనచో పోవలసిన బోస్టన్‌కు సయితము ఇక పోజాలమని చెప్పెను. అయిదు నిమిషముల సంగతి తరువాతి అధికారికి చేరినది. బోస్టన్ సంగతి చేరలేదు.

ఆకాశయానమున 'ఎమర్జెన్సీ' అను మాటకు ఒక కట్టుబాటు కలదు. అది వినబడినచో తక్కిన విమానములను తప్పించి దారి ఇత్తురు. 'ప్రాధాన్యము' అను మాటకు ఆ బలము లేదు. స్పానిషు మాతృభాషగా గల ఆ సిబ్బంది రెండును ఒకటే యని తలచియుండవచ్చునను విషయము పిమ్మట విచారణలో చర్చకు వచ్చినది.

మొదటి ప్రయత్నమున గాలి తాకిడికి దిగలేక విమానము మరల పైకి లేచెను. ఎమర్జెన్సీ యని చెప్పుమని ప్రధాన చోదకుడు సహచోదకునితో స్పానిషులో అనెను. సహచోదకుడు మాత్రము, ఇంధనము అయిపోవుచున్నదని ఆంగ్లమున చెప్పి ఊరకుండెను. పదిహేను మైళ్లు తిప్పి తెత్తును, మీ ఇంధనమునకు సమ్మతమేనా యని అధికారి అడిగెను. అట్లే అనుకొందునని బదులు చెప్పి, ధన్యవాదములు కూడ తెలిపెను. పది నిమిషములు గడువక పూర్వమే ఇంజనులు ఆగిపోయినవి. లాంగ్ ఐలండులోని కోవ్‌నెక్ గ్రామమున విమానము కొండవాలుపై కూలెను. మండుటకు ఇంధనమే లేనందున మంటలు లేవలేదు. 73 మంది మరణించిరి.

ఇంధనమును సరిగా లెక్కించుకొనక, ఆపదను స్పష్టముగా ప్రకటింపక పోవుటయే ముఖ్య కారణమని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చినది. అయితే తప్పంతయు విమానములోని వారి దనలేదు. విమానముల రాకపోకలను క్రమబద్ధము చేయుటలోని లోపమును, ఇంధనము తగ్గినపుడు వాడవలసిన మాటలు నిర్ణీతముగా లేకపోవుటయు తోడ్పడిన కారణములని చెప్పినది. 2008 నుండి అంతర్జాతీయ యానములలోని చోదకులకును, నియంత్రకులకును ఆంగ్ల పరిజ్ఞానమునకు కనీస ప్రమాణము అమలులోనికి వచ్చినది. 2012లో ఇంధనపు కొరతను తెలుపుటకు నిర్ణీత పదములు అంతర్జాతీయ నిబంధనలలో చేరినవి. వానిలో చివరిది 'మేడే ఫ్యూయల్'.

మైకు ముందు కూర్చుండుటయే వృత్తిగాగల మాకు ఈ కథ తరచుగా తలపునకు వచ్చును. అవతలి వానికి మన ముఖము కనబడదు, చేతి వణుకు కనబడదు. చేరునది మాట యొక్కటే. ఆ యువకుడు అబద్ధమాడలేదు, మౌనముగను ఉండలేదు. పెద్దల యెదుట మనమందరమును మాటలాడునట్లే, మెత్తగా, మర్యాదగా మాటలాడెను. ఆ మర్యాద వెనుక ఎంత భయము దాగినదో చీకటిలో నూరు విమానముల గొంతులు వినుచున్న అధికారికి తెలియు దారి లేకపోయెను.